కంచం మీద పడ్డ నింద

పేరు బయటపెట్టొద్దంటూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 31. పెద్దమనిషి అయిన ఏడాది నుంచే నెలకి మూడు రోజులు మంచం మీద మెలికలు తిరగడం ఆవిడకి అలవాటైపోయింది. "పెళ్ళయితే సర్దుకుంటుంది" అన్నవాళ్ళే అందరూ. పెళ్ళయింది, సర్దుకోలేదు. 29వ ఏట ల్యాపరోస్కోపీ (చిన్న గాటు పెట్టి, కెమెరాతో కడుపు లోపల చూసే ఆపరేషన్) చేశాక గానీ అది ఎండోమెట్రియోసిస్ అని, అంటే గర్భాశయం లోపలి పొరలాంటి కణాలు గర్భాశయం బయట మచ్చల్లా పాతుకుని పెరిగే జబ్బని, తేలలేదు. ఎడమ అండాశయం మీదున్న 5 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్టు తీసేసి, డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్రలు రాశారు. నొప్పి సగానికి సగం తగ్గింది గానీ, రోజు విడిచి రోజు రక్తపు మరకలు, కారణం తెలియని దిగులు. ఏడు నెలలు ఓర్చుకుని, డాక్టరుకి కూడా చెప్పకుండా మానేశారు.

ఆ తర్వాత ఒకరోజు పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి జీవరసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. "అక్కా, నీ లోపల పెరిగే ఆ కణాలు క్యాన్సర్ కణాల్లాగే గ్లూకోజ్ తాగేస్తాయట. వాటి మెటబాలిజమే వేరట" అంది. ఆ రాత్రి నుంచి మన పాఠకురాలికి తిండి మీద అనుమానం మొదలైంది. ముందు తీపి మానేశారు. తర్వాత పిండిపదార్థాలన్నీ. ఆ తర్వాత రోజుకి 18 గంటల ఉపవాసం. ఐదు నెలల్లో 9 కిలోలు తగ్గారు. ఇనుము కూడా ఆ మచ్చలకి మేతేనని ఎక్కడో చదివి, హిమోగ్లోబిన్ 9.2 ఉన్నా ఐరన్ మాత్రలు పక్కన పెట్టేశారు. మధ్యలో రెండు నెలలు నెలసరి రాలేదు, నొప్పీ రాలేదు. "పథ్యం పనిచేసిందని దేవుడికి దండం పెట్టుకున్నాను" అని రాశారు. మూడో నెల నెలసరి వచ్చింది, దాంతోపాటే నొప్పి. స్కాన్ చేస్తే అదే అండాశయం మీద 3 సెంటీమీటర్ల కొత్త సిస్టు.

ఇప్పుడు మరిది ఆన్‌లైన్‌లో వెతికి మెట్‌ఫార్మిన్ మాత్రలు, డీసీఏ అనే పొడి తెప్పిస్తానంటున్నాడు. డాక్టరు గారు ఒకసారి మళ్ళీ ఆపరేషన్ అంటారు, ఇంకోసారి నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్ళమంటారు. పిల్లలు కావాలని భార్యాభర్తలిద్దరికీ ఉంది, ప్రయత్నం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. ఉత్తరం చివర ఒక సంగతి రాశారు. ఎవరిదో పుట్టినరోజున చేతిలో పెట్టిన చిన్న తీపి ముక్క నోటి దాకా తీసుకెళ్ళేసరికి, భర్త "మళ్ళీ మొదలెట్టావా?" అన్నారట. ముక్క అక్కడే పెట్టేసి, బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చారట. "నా జబ్బుని నేనే అన్నం పెట్టి పెంచుకుంటున్నానా? ఇది క్యాన్సర్‌కి దారా? ఇప్పుడు నేను ఏం చేయాలి?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

మీ పిన్ని కూతురు అబద్ధం చెప్పలేదమ్మా. కణాల గురించి ఆ అమ్మాయి అన్నది చాలావరకు నిజం. పొరపాటు జరిగింది కణం దగ్గర్నుంచి కంచం దగ్గరికి మీరు వేసిన అడుగులో. ఆ మధ్యలో చాలా దూరం ఉంది, దాన్ని కాస్త నెమ్మదిగా నడిచి చూద్దాం.

మెటబాలిజం అన్న మాటతోనే చిక్కు మొదలవుతుంది. బరువు తగ్గించే ప్రకటనల్లో వినపడే మెటబాలిజం ఒకటుంది: ఎవరికి తిన్నది ఇట్టే అరిగిపోతుంది, ఎవరికి ఒంటికి పడుతుంది అనే లెక్క. పరిశోధకులు ఎండోమెట్రియోసిస్ విషయంలో మాట్లాడేది ఒక్కో కణం సంసారం గురించి. తనకందిన ఇంధనంలో ఎంత కాల్చుకుంటుంది, ఎంత మిగిల్చి కొత్త కణాల తయారీకి వాడుతుంది అని. మీ ఒంటి మెటబాలిజం నిక్షేపంలా ఉండి కూడా, పొత్తికడుపులో ఆవగింజంత మచ్చలోని కణాలు వేరే పద్ధతిలో బతుకుతూ ఉండొచ్చు. పైగా ఈ జబ్బు లావుగా ఉన్నవాళ్ళలో కంటే సన్నగా ఉన్నవాళ్ళలోనే కొంచెం ఎక్కువగా కనిపిస్తుందని చాలా అధ్యయనాలు చూపించాయి. తిండి ఎక్కువై వచ్చిందన్న మాట అక్కడే నిలబడదు.

ఇక కణంలోకి వెళ్దాం. గ్లూకోజ్ లోపలికి రాగానే రెండుగా విరిగి పైరువేట్ అవుతుంది. ఆ పనిలో కణానికి దక్కేది కొంచెమే, 2 ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు రెండు. అదే పైరువేట్ మైటోకాండ్రియా (కణంలోని శక్తి కొలిమి) గుమ్మం దాటి లోపలికి పోతే ఆక్సిజన్‌తో పూర్తిగా కాలి, మొత్తం మీద 30 దాకా ఇస్తుంది. ఆ గుమ్మం దగ్గర పైరువేట్ డీహైడ్రోజనేజ్ అనే ఎంజైమ్ కాపలా ఉంటుంది. దాని తలుపుకి గొళ్ళెం పెట్టే ఎంజైమ్ ఇంకోటి, పేరు పీడీకే. ఆక్సిజన్ తగ్గితే హెచ్ఐఎఫ్-1 అనే ప్రొటీన్ నిలదొక్కుకుని పీడీకేని పెంచుతుంది, గొళ్ళెం పడుతుంది. గుమ్మం బయట ఆగిపోయిన పైరువేట్ లాక్టేట్‌గా మారి కణంలోంచి వెళ్ళిపోతుంది. పరుగు పందెంలో మన పిక్కలు చేసేదీ దాదాపు ఇదే. పరుగు ఆగాక పిక్క తన పాత పద్ధతికి వచ్చేస్తుంది. ఎండోమెట్రియోసిస్ మచ్చల్లో మాత్రం ఆ గొళ్ళెం తొందరగా తీయడం లేదు.

30 వచ్చేచోట 2తో సరిపెట్టుకోవడం తెలివితక్కువ బేరంలా కనిపిస్తుంది. కానీ పెరగాలనుకునే కణానికి శక్తి ఒక్కటే చాలదు, కొత్త కణాలు కట్టుకోవడానికి సరుకు కావాలి. గ్లూకోజ్‌ని పూర్తిగా కాల్చేస్తే ఆ సరుకు మిగలదు. పైగా ఈ అడ్డదారి చాలా వేగం, ఆక్సిజన్ లేకపోయినా నడుస్తుంది. గర్భాశయం లోపలి పొరకి ఈ విద్య పుట్టుకతోనే వచ్చింది. ప్రతి నెలా రాలే ముందు ఆ పొరకి రక్తం అందడం తగ్గిపోతుంది, ఆక్సిజన్ కరువొస్తుంది. ఆ కరువు తట్టుకుని, రోజుల వ్యవధిలో మళ్ళీ మచ్చ లేకుండా అల్లుకోవాలి. మోకాలు గీరుకుంటే ఏళ్ళ తరబడి మిగిలే మచ్చ చూసుకోండి, ఆ పొర పనితనం అర్థమవుతుంది. ఉన్నచోట ఉన్నంతకాలం అది గొప్ప నేర్పు. రాలిన తునకలు బయటికి పోకుండా ఫాలోపియన్ గొట్టాల గుండా వెనక్కి పారి పొత్తికడుపులో పడ్డాయనుకోండి, అదే నేర్పుతో అక్కడా బతికేస్తాయి.

ఇలా వెనక్కి పారడమే జబ్బుకి మూలమని 1920ల్లో జాన్ శాంప్సన్ అనే అమెరికన్ వైద్యుడు ప్రతిపాదించారు. కానీ వెనక్కి పారడం నెలసరి వచ్చే స్త్రీలలో నూటికి 90 మంది దాకా జరుగుతుంది. జబ్బు మాత్రం సుమారు పదిమందిలో ఒకరికి. మిగతా తొమ్మిదిమందిలో ఏం జరుగుతోంది? ఒంట్లోని పారిశుద్ధ్యం వాళ్ళు, అంటే రోగనిరోధక కణాలు, పడ్డదాన్ని ఊడ్చేస్తున్నాయి. మీలాంటివాళ్ళలో ఊడ్చలేకపోతున్నాయి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇవి మన సొంత కణాలే మరి. జన్యువుల పాత్రా ఉంది. కవలల మీద చేసిన అధ్యయనాలు ఈ జబ్బులో సుమారు సగం వాటా వారసత్వానిదని తేల్చాయి. 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం దీనితో ముడిపడ్డ 42 చోట్లని జన్యుపటంలో గుర్తించింది. మీరు తినడం నేర్చుకోకముందే రాసిపెట్టి ఉన్న సంగతులివి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది పొరుగింటి కథ. మచ్చ పడ్డ చోట కడుపు లోపలి గోడని కప్పుతూ పెరిటోనియం అనే పల్చటి, మెరిసే పొర ఉంటుంది. అది గర్భాశయం నుంచి వచ్చింది కాదు, ఆ ఇంటిదే. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో పరిశోధకులు గమనించిందేమిటంటే, ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళలో ఈ పొర కణాలు కూడా లాక్టేట్ ఎక్కువగా తయారుచేసే పద్ధతికి మారుతున్నాయి. టీజీఎఫ్ బీటా అనే సంకేతం వాటిని అటు తిప్పుతోంది. కటిభాగంలోని ద్రవంలో కూడా లాక్టేట్ ఎక్కువ కనిపించింది. లాక్టేట్‌ని మనం వ్యాయామం తర్వాత మిగిలే మడ్డి అని చదువుకున్నాం. ఇక్కడ అది కబురు మోసే పనిలో ఉంది: కొత్త రక్తనాళాలు రండని పిలుస్తుంది, కాపలా కణాల్ని మెత్తబరుస్తుంది, తునకలు పాతుకోవడానికి నేల సిద్ధం చేస్తుంది.

ఇంకో వైపు చూడండి. చాక్లెట్ సిస్టు గోడకి గాటు పెట్టగానే ముదురు గోధుమరంగు ద్రవం చిక్కగా, బంకలా సాగుతూ దిగుతుంది. దానికి చాక్లెట్ అని పేరు పెట్టినవాళ్ళకి తీపి మీద ఏం కక్షో గానీ, అందులో ఉన్నది నెలల తరబడి లోపలే కారి, దారిలేక ముదిరిన రక్తం. రక్తమంటే హిమోగ్లోబిన్, హిమోగ్లోబిన్ అంటే ఇనుము. ఆ ఇనుము చుట్టుపక్కల కణాల్ని తుప్పు పట్టించినట్టు దెబ్బతీస్తుంది, వాపు పుట్టిస్తుంది. వాపుతో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి, అవి నొప్పి నరాల్ని రెచ్చగొడతాయి. అంతటితో ఆగవు. అరోమటేజ్ అనే ఎంజైమ్‌ని లేపి మచ్చ తన ఈస్ట్రోజెన్ తానే తయారుచేసుకునేలా చేస్తాయి. ఆ ఈస్ట్రోజెన్ మళ్ళీ ప్రోస్టాగ్లాండిన్లని పెంచుతుంది. అదుపు చేయాల్సిన ప్రొజెస్టిరాన్ మాట ఆ కణాలు సరిగ్గా వినవు. గానుగెద్దులా తిరుగుతూనే ఉండే చక్రం ఇది. మీరు మానేసిన డైనోజెస్ట్ ఈ చక్రానికే అడ్డం పడుతుంది: లోపలి రక్తస్రావం తగ్గిస్తుంది, ఈస్ట్రోజెన్‌ని దించుతుంది. మందు పనిచేయకపోలేదు, మీకు పడలేదు. ఆ రెండూ వేరని గుర్తుపెట్టుకోండి, దాని అవసరం మళ్ళీ వస్తుంది.

ఇంత కథలో మీ కంచం ఎక్కడుందో వెతుకుదాం. మీ ఒంట్లో పారే రక్తం మొత్తంలో ఏ క్షణంలోనైనా ఉండే గ్లూకోజ్ ఒక టీస్పూనంత, 4 లేదా 5 గ్రాములు. మీరు తిన్నా, పస్తున్నా కాలేయం ఆ స్పూను ఒలకనివ్వదు, ఎండనివ్వదు. మీరు పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే కొవ్వులోని గ్లిసరాల్ నుంచి, కండలోని అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజ్ తయారుచేస్తుంది. ఆఖరికి లాక్టేట్‌ని కూడా తీసుకుని మళ్ళీ గ్లూకోజ్ చేసి పంపిస్తుంది. మీ మెదడుకి రోజుకి సుమారు 120 గ్రాములు కావాలి మరి. మచ్చలోని కణాలకి కావలసింది ఆ రక్తంలోంచి చిటికెడు. 18 గంటలు పస్తుంటే అలసిపోయేది మీరు, వాటి వాటా వాటికి అందుతూనే ఉంటుంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అన్నది ఇందుకే పుట్టిన సామెతేమో అనిపిస్తుంది.

"మరి ఆ రెండు నెలలు నొప్పి ఎందుకు తగ్గింది?" అని అడుగుతారు. మీ ఉత్తరంలో నేను గీత గీసుకున్న వాక్యం అదే. ఆ రెండు నెలలు నెలసరి రాలేదు. తక్కువ కాలంలో 9 కిలోలు తగ్గి, తిండి చాలనప్పుడు మెదడు ముందుగా కట్టేసే దుకాణాల్లో అండాశయాలది ఒకటి. అండం విడుదల ఆగుతుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, నెలసరి రాదు, కాబట్టి నొప్పీ రాదు. అంటే ఏ హార్మోన్ మాత్ర వద్దనుకున్నారో దాని పనినే ఆకలితో మొరటుగా చేయించుకున్నారు. మాత్రతో అయితే మోతాదు ఉంటుంది, చూసుకునే డాక్టరు ఉంటారు. ఆకలితో అయితే ఎముకలు పలచబడతాయి, కండ తరిగిపోతుంది, పిల్లలు కావాలనుకునే సమయంలో అండమే విడుదల కాదు. నా లెక్క పొరపాటు కూడా కావచ్చు. అందుకే ఆ రెండు నెలల సంగతి, తగ్గిన కిలోల సంగతి మీ డాక్టరుకి దాచకుండా చెప్పండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ చూడటం అవసరమా అన్నది ఆవిడ తేలుస్తారు. ఇకముందు నెలసరి తప్పితే ముందు గర్భ పరీక్ష చేసుకోండి.

తిండి విషయంలో మీ ముందు మూడు దార్లున్నాయి. ఇప్పటి పథ్యాన్నే పట్టుకుని ఉంటే దాని ఖరీదు పైన చెప్పాను, లాభం కనిపించడం లేదు. ఒక్కసారిగా అంతా వదిలేస్తే తిన్న ప్రతి ముద్దకీ తప్పు చేసినట్టు అనిపించి వారం తిరక్కుండా మళ్ళీ పస్తుల్లో పడతారని నా భయం. మూడోది, ముందు ఉపవాసం ఆపి, వేళకి మూడుసార్లు తినడం. తర్వాత మెల్లగా పిండిపదార్థాలు తిరిగి చేర్చుకోవడం, నెలసరి క్రమంగా వచ్చేదాకా బరువు తగ్గాలన్న ఆలోచన మానుకోవడం. కడుపు ఉబ్బరం వల్ల ఫలానా పదార్థం పడటం లేదనిపిస్తే దాన్ని మాత్రం మానండి. ఎండోమెట్రియోసిస్‌తోపాటు పేగుల ఇబ్బంది ఉండటం మామూలే, ఉబ్బరం తగ్గితే ఒంటికి హాయిగా ఉంటుంది. దాన్ని మచ్చని మాడ్చే వైద్యం అనుకోకండి. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఎష్రే 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నొప్పి తగ్గడానికి ఫలానా ఆహారం తినమని ఎవరికీ చెప్పలేకపోయాయి, ఆధారాలు చాలక. తిండి పేరెత్తితేనే గుండె దడ పెరుగుతోందంటే మటుకు డైటీషియన్‌తోపాటు మనస్తత్వ నిపుణుల దగ్గరికి కూడా వెళ్ళండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఐరన్ మాత్రల దగ్గర మాత్రం దార్లు చెప్పను. మొదలుపెట్టండి. మచ్చల్లోని ఇనుము అక్కడే కారిన రక్తంలోంచి వచ్చింది, మీరు మింగిన మాత్రలోంచి కాదు. మాత్రలోని ఇనుము ముందు వెళ్ళేది ఎముక మజ్జకి, కొత్త రక్తం చేయడానికి. 9.2 హిమోగ్లోబిన్‌తో మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే ఒళ్ళు తూలడం ఉండే ఉంటాయి, మీరు వాటిని కూడా జబ్బు ఖాతాలోనే రాసేసి ఉంటారు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళలో తీవ్రమైన అలసట చాలామందికి ఉంటుంది, నిజమే. రక్తహీనత వల్ల వచ్చే అలసట అయితే వైద్యానికి లొంగుతుంది కదా, దాన్ని ఎందుకు మోయాలి? ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. మాత్ర కడుపులో పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవడం గురించి అడగండి, అలా వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందని అధ్యయనాలున్నాయి. అదీ కుదరకపోతే నరంలోకి ఎక్కించే ఐరన్ ఉంది.

క్యాన్సర్ భయం. గ్లూకోజ్‌ని ఇలా సగంలో వదిలేసే అలవాటును 1920ల్లో ఒట్టో వార్‌బర్గ్ క్యాన్సర్ కణాల్లో గుర్తించడంతో ఆ అలవాటుకే క్యాన్సర్ ముద్ర పడిపోయింది. మీ ఎర్ర రక్తకణాలకి అసలు మైటోకాండ్రియాలే లేవు, జీవితాంతం అవి బతికేది ఈ పద్ధతిలోనే. జలుబు మీద యుద్ధానికి దిగిన తెల్ల రక్తకణాలదీ ఇదే తీరు. అలవాటు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. అండాశయ క్యాన్సర్ జీవితకాలంలో వచ్చే అవకాశం మామూలుగా నూటికి ఒకటి పైచిలుకు. ఎండోమెట్రియోసిస్ ఉంటే అది కొంచెం పెరుగుతుంది, అయినా నూటికి మూడు లోపే. సిస్టులో గట్టి భాగాలు కనిపించినా, త్వరత్వరగా పెరిగినా డాక్టరు పట్టించుకుంటారు. అందుకే స్కాన్లు మానొద్దు. అంతకు మించి ఆ భయానికి చోటివ్వకండి.

మరిది గారి పొట్లం సంగతి. డీసీఏ అంటే డైక్లోరోఅసిటేట్. పైన గొళ్ళెం అన్నాను చూడండి, పీడీకే, దాన్ని తీయించే మందు ఇది. పుట్టుకతో లాక్టేట్ పేరుకుపోయే అరుదైన జబ్బు ఉన్న పిల్లలకి వాడి చూసిన పాత రసాయనమే. క్లోరిన్ కలిపిన నీళ్ళలో లేశమాత్రం దానంతటదే తయారవుతుంది కూడా. ఎడిన్‌బరా బృందం 2019లో ప్రచురించిన పనిలో, అది ఇచ్చాక రోగుల నుంచి తీసిన పెరిటోనియం కణాల్లో లాక్టేట్ తగ్గింది, చిట్టెలుకల్లో మచ్చలు చిన్నవయ్యాయి. తర్వాత కొద్దిమంది స్త్రీలతో చిన్న ప్రయోగం, ఆపైన 2023లో ఎడిన్‌బరా, లండన్‌లలో 100 మందితో ఉత్తుత్తి మందుతో పోల్చి చూసే ప్రయోగం ప్రకటించారు. హార్మోన్లతో సంబంధం లేని మందు దొరుకుతుందేమోనన్న ఆశ నాకూ ఉంది. కానీ ఆ ప్రయోగంలో మోతాదు తూచి ఇస్తారు, కాళ్ళు చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయా అని అడుగుతూ ఉంటారు. ఎందుకంటే ఇది నరాలకి హాని చేయగలదు. ఆన్‌లైన్ పొట్లంలో ఏముందో, ఎంతుందో చూసేవాళ్ళు లేరు. గర్భం కోసం ప్రయత్నించబోతూ దాన్ని నోట్లో వేసుకోవడం ఎలాగూ కుదరదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడే వ్యవహారం.

మెట్‌ఫార్మిన్ అంత ప్రమాదకరం కాదు, కోట్లమంది మధుమేహానికి వాడుతున్నారు. మీకు ఇన్సులిన్ సమస్య ఉంటే డాక్టరే రాస్తారు. ఎండోమెట్రియోసిస్‌కి మాత్రం చిన్నచిన్న అధ్యయనాలు తప్ప గట్టి రుజువు లేదు. ఇక్కడ ఇంకో తమాషా. మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియా పనిని కొంచెం అడ్డుకుని లాక్టేట్‌ని పెంచే వైపు నెడుతుంది. డీసీఏ తగ్గించే వైపు లాగుతుంది. బండికి ముందొక ఎద్దుని, వెనకొక ఎద్దుని కట్టి తోలమంటున్నాడు మరిది.

ఇక నిజంగా మీరు తేల్చుకోవాల్సింది నొప్పి ముందా, పిల్లలు ముందా అన్నది. డాక్టరు గారు రెండు మాటలు చెప్పడానికి కారణం బహుశా మీరు ఆ ప్రశ్నకి జవాబు చెప్పకపోవడమే. ఈ రెండిటికీ ఒకే మందు లేదు. నొప్పి తగ్గించే హార్మోన్లు వాడినన్నాళ్ళూ సాధారణంగా గర్భం రాదు, వాడి మానేశాక గర్భం వచ్చే అవకాశం పెరగదు కూడా.

పిల్లలు ముందు అనుకుంటే, మొదటి పని పరీక్షలు. మీకు ఏఎంహెచ్ (అండాల నిల్వని అంచనా వేసే రక్తపరీక్ష), అండాల లెక్కకి స్కాన్. మీ వారికి వీర్య పరీక్ష, అదీ ఇప్పుడే, మీ మీద ఇంకో సూది పడకముందే. మీ మొదటి ఆపరేషన్ నివేదిక తీయించండి. గొట్టాలు, అండాశయాలు ఎలా ఉన్నాయో అందులో రాసి ఉంటుంది, దాన్నిబట్టి సహజంగా గర్భం వచ్చే అవకాశాన్ని అంచనా వేసే స్కోరు ఒకటుంది. అన్నీ బాగుంటే తిండి, రక్తం సరిచేసుకుని ఆరు నెలలు సొంతంగా ప్రయత్నించవచ్చు. ఆ ఆరు నెలలూ నెలసరి నొప్పి వస్తుంది, ఏ నొప్పి మాత్ర ఏ రోజుల్లో వేసుకోవచ్చో ముందే అడిగి పెట్టుకోండి. ఏఎంహెచ్ తక్కువగా ఉన్నా, వీర్య పరీక్షలో తేడా ఉన్నా ఐవీఎఫ్ తొందరగా ఆలోచించడం మంచిది. ఐవీఎఫ్ మచ్చలని తగ్గించదు, దాన్ని వాటికి వైద్యం అనుకోకూడదు.

మళ్ళీ ఆపరేషన్ అంటే నేను కాస్త వెనకాడతాను. సిస్టు గోడ ఒలిచేటప్పుడు దానితోపాటు మంచి అండాలున్న కణజాలం కూడా కొంత పోతుంది. అదే అండాశయం మీద రెండోసారి అంటే నష్టం ఇంకా ఎక్కువ. ఐవీఎఫ్‌కి ముందు సిస్టు తీస్తే బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందన్న రుజువు లేదని ఎష్రే కూడా చెప్పింది. ఆపరేషన్ తర్వాత మందులేమీ లేకుండా వదిలేస్తే అయిదేళ్ళలో దాదాపు సగంమందికి తిరగబెడుతుంది. అయితే నొప్పి భరించలేనంతగా ఉండి, సంసారమే కష్టమవుతోందంటే లెక్క మారుతుంది. అప్పుడు ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్లు తరచూ చేసే చెయ్యి వెతుక్కోండి. అండాలో పిండాలో ముందే భద్రపరచుకునే వీలుందేమో అడగండి.

నొప్పి ముందు, పిల్లలు రెండేళ్ళ తర్వాత అనుకుంటే, డైనోజెస్ట్ ఒక్కటే మందు కాదు. గర్భాశయంలో పెట్టే, లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోన్ విడుదల చేసే పరికరం ఉంది, విరామం లేకుండా వాడే గర్భనిరోధక మాత్రలున్నాయి. అవీ పడకపోతే ఈస్ట్రోజెన్‌ని అణిచే రెలుగోలిక్స్ లాంటి కొత్త మందుల్ని కొద్దిపాటి హార్మోన్లు జోడించి ఇస్తారు, ఎముకలు పాడవకుండా. దిగులు వచ్చిందని చెప్పకుండా మానేస్తే డాక్టరుకి వేరే మందు ఇచ్చే అవకాశం కూడా ఉండదు, ఈసారి మొదటి నెలలోనే చెప్పండి. ఈ దారిలో రెండేళ్ళు వయసు పెరుగుతుంది, అది కూడా తూకంలో వేసుకోండి. ఏఎంహెచ్ ఇప్పటికే తక్కువగా ఉందని తేలితే నేనైతే ఈ దారి సలహా ఇవ్వను.

మీ వారి మాట. ఆయన దుర్మార్గుడని నాకు అనిపించలేదు. తీపి విషం అని అయిదు నెలలుగా మీరే చెప్పి ఉంటారు, ఆయన నమ్మారు. నమ్మినదాన్నే మీకు అప్పజెప్పారు. నేను రాసింది ఆయనకి చదివి వినిపిస్తే సరిపోతుందో లేదో చెప్పలేను. వచ్చే స్కాన్‌కి ఆయన్ని బయట కుర్చీలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్ళండి. డాక్టరు తెర మీద ఆ 3 సెంటీమీటర్ల సిస్టు చూపించి అందులో ఉన్నది పాత రక్తమని చెబుతుంటే, అది తీపి తింటే వచ్చిందా అన్న ప్రశ్న ఆయన్నే అడగనివ్వండి. జవాబు డాక్టరు నోటి నుంచే ఆయన వినాలి. మీరు మధ్యలో మాట్లాడకండి.